గోడ మీది బోర్డు చాలదు, రోజుకో జెండా పాతించండి

విశాఖ తీరం బాధ్యత చూస్తున్న అధికారులందరికీ,

నమస్కారం. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ని. ఎంవీపీ కాలనీలో ఉంటాను, వయసు నలభై మూడు. అయిదేళ్ళ క్రితం మోకాళ్ళ నొప్పికి డాక్టరు ఈత కొట్టమంటే, స్విమ్మింగ్ పూల్‌లో ఉదయం బ్యాచ్ దొరక్క సముద్రం దారి పట్టాను. అక్కడ జాలరిపేట కుర్రాడొకడు అలల మీద జారే తన సర్ఫింగ్ బోర్డు ఇచ్చి "ఓసారి ఎక్కి సూడండి మేష్టారూ" అన్నాడు. అంతే, ఇంక మానలేదు. వారానికి మూడు నాలుగు రోజులు తెల్లారకముందే స్కూటర్‌కు ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు కట్టుకుని బయల్దేరతాను. మా ఆవిడ దృష్టిలో ఇది వయసుకు తగని పని. నా బ్యాలెన్స్ చూస్తే మీరూ అదే అంటారు.

సర్ఫింగ్‌కు సౌకర్యాలు కల్పించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నీళ్ళలో మేము రోజూ చూసేదీ, ఒడ్డున నిలబడినవాళ్ళకు కనిపించనిదీ ఒకటుంది. అది చెప్పాలి.

బీచ్ రోడ్డు పొడవునా బోర్డులున్నాయి. ప్రమాదకరమైన తీరం, స్నానం చేయరాదు అని. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరా అదే మాట, కాళీమాత గుడి దగ్గరా అదే మాట. ఆ బోర్డుకు ఆనుకునే మొక్కజొన్న పొత్తుల బండి, ఆ బండి పక్కనుంచే నీళ్ళలోకి దిగే మెట్లు. ఆదివారం సాయంత్రం వేలమంది బోర్డు ముందు ఫొటో దిగి మరీ నీళ్ళలోకి వెళ్తారు. వాళ్ళది మొండితనం అనుకోను. మూడు వందల అరవై అయిదు రోజులూ, కిలోమీటర్ల పొడవునా ఒకే మాట చెప్పే బోర్డు ఎవరికీ ఏమీ చెప్పదు. శివరాత్రి మర్నాడూ కార్తీక పౌర్ణమికీ అదే సముద్రంలో స్నానాలకు మనమే ఏర్పాట్లు చేస్తాం కదా. ఇక ఆ బోర్డును ఎవరు నమ్ముతారు?

అసలు ప్రమాదం తీరమంతటా ఒకేలా ఉండదు. ఇవాళ ఇక్కడుంటుంది, వచ్చే వారానికి రెండొందల గజాలు అవతలికి జరుగుతుంది. అది ఎక్కడుందో తెల్లారేసరికి చెప్పగలిగినవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళను అడిగేవాళ్ళే లేరు.

నాకు మొదటిసారి చూపించింది ఆ కుర్రాడే. నీళ్ళలోకి దిగబోతుంటే చెయ్యి పట్టి ఆపి, గోడ ఎక్కించాడు. "ఎక్కడ దిగుతారో సెప్పండి" అన్నాడు. చూశాను. ఎడమవైపు తెల్లగా నురగలు కక్కుతూ అలలు విరుగుతున్నాయి. కుడివైపూ అంతే. మధ్యలో పాతిక ముప్పై అడుగుల వెడల్పున ఒక దారిలా ఉంది. అక్కడ అలే లేదు. కాస్త ముదురు రంగు నీరు, పైన చిన్న చిన్న ముడతలు. తెలివైనవాడిలా అటు చూపించాను. వాడు నవ్వి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంతిపూల దండ తీసి ఆ దారిలోకి విసిరాడు. దండ ఒడ్డుకు రావాలి కదా? ఓ క్షణం అక్కడే తిరిగి, తర్వాత నింపాదిగా లోపలికి నడవడం మొదలెట్టింది. రెండు పక్కలా అలలు ఒడ్డుకొస్తుంటే, దండ మాత్రం ఒడ్డుకు వీపు పెట్టి వెళ్ళిపోయింది. నిమిషం తిరక్కుండా అలలు విరిగే చోటు దాటేసింది. "మీరూ అలాగే ఎల్లిపోతారు" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి. అంత బాగా నేనెప్పుడూ డెమో చెయ్యలేదు.

దీని వెనకున్న సంగతి కష్టమైనదేం కాదు. నీళ్ళ అడుగున ఇసుక తిన్నెలుంటాయి. అల వచ్చి తిన్నె మీద విరుగుతుంది, ఆ నీరంతా ఒడ్డు వైపు ఎగబడి అక్కడ పోగవుతుంది. ఘనపు మీటరు నీరంటే టన్ను బరువు. అలాంటి టన్నులు అల అలకూ వచ్చి చేరుతుంటే, అంత నీరూ తిరిగి లోపలికి పోవడానికి దారి వెతుక్కుంటుంది. తిన్నెకూ తిన్నెకూ మధ్య గండి ఎక్కడుంటే అక్కడి నుంచి పోతుంది. గండిలో లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు. అందుకే పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. అదే రిప్ కరెంట్. మేమందరం 'లాగుడు' అనేస్తాం. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు రెండు మీటర్లు దాటి లాగుతుంది. ఒలింపిక్స్‌లో యాభై మీటర్ల ఫ్రీస్టయిల్ గెలిచినవాడి వేగం కూడా దాదాపు అంతే. అంటే దానికి ఎదురీది ఒడ్డుకు రావడం ఈత బాగా వచ్చినవాడికీ సాధ్యం కాదు. నీటి మీద తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు జరిగి, అల విరిగే చోటుకు చేరితే ఆ అలే ఒడ్డుకు తెస్తుంది. మేము లోపలికి వెళ్ళడానికి ఆ లాగుడే వాడుకుంటాం. మాకది ఉచితంగా దొరికే లిఫ్టు.

ఇప్పుడు రాత్రి రైలు దిగి, లాడ్జిలో బ్యాగు పడేసి, జన్మలో మొదటిసారి సముద్రం చూస్తున్న ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి ఊహించుకోండి. భయం ఉంటుంది. పెద్ద అలలున్న చోట దిగడు. అలలు లేని చోటు వెతుక్కుని దిగుతాడు. జాగ్రత్తపరుడు కాబట్టే గండిలో దిగుతాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్లవుతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మన ఒడ్డుకొచ్చే బలమైన అలలు చాలావరకు ఇక్కడ పుట్టినవి కావు. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుపాను గాలులకు లేచి, రోజుల తరబడి ప్రయాణం చేసి వస్తాయి. ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఆకు కదలదు. అలకూ అలకూ మధ్య పదిహేను సెకన్ల వ్యవధి ఉంటుంది. నాలుగైదు పెద్దవి వరసగా వచ్చి, తర్వాత అయిదారు నిమిషాలు సముద్రం చెరువులా పడుకుంటుంది. ఆ అయిదారు నిమిషాల్లో వచ్చినవాళ్ళు "ఇవాళ ఏం లేదు" అనుకుని నడుము లోతుకు వెళ్ళిపోతారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అల ఎత్తు, వ్యవధి, దిశ అంచనాలను రోజూ ఇస్తూనే ఉంది. అవి చూసుకునే మేము ఇవాళ వెళ్ళాలా మానాలా నిర్ణయించుకుంటాం. ఆ సమాచారం మా ఫోన్లలో ఉంది, చేపలకు వెళ్ళేవాళ్ళ దగ్గరుంది. మెట్లు దిగే ఆ కుర్రాడి దగ్గర లేదు.

తిన్నెలు జరుగుతాయన్నాను కదా. విశాఖలో ఆ జరుగుడు మరీ ఎక్కువ, దానికి చరిత్ర ఉంది. మన తీరం వెంట ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య రుతుపవనాల కాలంలో వెనక్కి తిరుగుతుంది. 1933లో రేవు తెరిచే నాటికే ఈ ఇసుకతో పడలేక రెండు పాత ఓడల్లో రాళ్ళు నింపి ముంచి అడ్డుకట్ట చేశారు. 1950లలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడివాళ్ళతో కలిసి వాల్తేరు ఒడ్డున ఇసుక ఏ కాలంలో పెరుగుతోందో, ఏ కాలంలో కోసుకుపోతోందో కొలిచారు. డెబ్భైలలో ఔటర్ హార్బర్ వచ్చాక దక్షిణం నుంచి వచ్చే ఇసుకకు దారి ఇంకా మూసుకుపోయింది. అప్పటి నుంచీ డ్రెడ్జర్లు తోడిన ఇసుకను గొట్టాలతో ఆర్కే బీచ్‌కు చేర్చి పోయడం మన ఊరి ఆనవాయితీ అయింది. పోయకపోతే రోడ్డు దాకా కోసుకొస్తుంది కాబట్టి తప్పదు. కానీ కొత్త ఇసుక పోసిన నెలల్లో నీళ్ళ కింద పటం మొత్తం మారిపోవడం నేను మూడుసార్లు చూశాను. నిన్నటిదాకా మోకాలి లోతున్న చోట రాత్రికి రాత్రి గట్టులా వాలు తేలి, అల నేరుగా ఒడ్డు మీదే పడుతుంది. అలాంటప్పుడు నిలబడ్డవాణ్ణి కాళ్ళు లాగేసి బోర్లా వేస్తుంది.

ఇంత కదిలే తీరానికి కదలని బోర్డు పెట్టడమే నా అభ్యంతరం.

మొన్న మే నెలలో ఒక ఆదివారం జరిగింది చెబుతాను. ఉదయం ఆరుంబావు. వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డు మీద వాకర్లు, స్కేటింగ్ పిల్లలు. నీళ్ళలో మేము నలుగురం. ఒడ్డున ముగ్గురు కుర్రాళ్ళు ప్యాంట్లు మడిచి దిగారు, సరిగ్గా గండిలో. మా జాలరిపేట కుర్రాడు బోర్డు మీద కూర్చునే చెయ్యి ఊపాడు, అరిచాడు. వాళ్ళు తిరిగి చెయ్యి ఊపారు, పలకరింపు అనుకున్నారు. రెండో నిమిషానికి ఒకడు మెడ లోతులో ఉన్నాడు. కేకలు లేవు. మునిగేవాడు సినిమాల్లోలా అరవడు, అరవడానికి ఊపిరి ఉండదు. తల వెనక్కి వాల్చి, నోరు నీటి మట్టంలో పెట్టి, నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులాడిస్తాడు. మావాడు ఆ లాగుడులోనే ఈదుకుంటూ వెళ్ళి బోర్డు వాడి చంకల కిందకు తోశాడు. నేను రెండోవైపు పట్టుకున్నాను. పక్కకు జరిగి, ఒక అల అందుకుని, ముగ్గురం బోర్లా పడుకుని ఒడ్డుకొచ్చాం. మొత్తం నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ కుర్రాడు ఇసుక మీద కక్కుకుని, "ఫోన్ తడిసిపోయింది" అని ఏడ్చాడు. బతికినవాడికి మొదట గుర్తొచ్చేవి అవే.

తర్వాత జరిగింది రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. పది నిమిషాలకు ఒకాయన వచ్చాడు. ఏ శాఖో చెప్పను, అది ముఖ్యం కాదు. ప్రమాదం జరిగింది కాబట్టి ఎవరూ నీళ్ళలో ఉండొద్దని మమ్మల్ని బయటికి రమ్మన్నాడు. వచ్చాం. బోర్డులు తీసుకెళ్ళిపోయాడు. మూడు రోజుల తర్వాత, ఇక నీళ్ళలోకి దిగబోమని కాగితం మీద సంతకం పెట్టించుకుని తిరిగిచ్చారు. ఆ మూడు రోజులూ గండి ఎక్కడున్నదో అక్కడే ఉంది. దాని ముందు మనిషీ లేడు, జెండా లేదు. ఆయన మీద కోపం లేదు. పైనుంచి అడిగితే "అందర్నీ ఖాళీ చేయించాను" అని చెప్పుకోవాలి, ఆయన ఉద్యోగం అది. కానీ నీళ్ళలోని నాలుగు బోర్డుల్ని ప్రమాదంగా చూడటం, నీటి దారిని చూడకపోవడం, ఇదెక్కడి లెక్కో నాకు అంతుపట్టలేదు.

మా తప్పులూ చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరానికి విలువ లేదు. రెండేళ్ళ క్రితం నా బోర్డు చేతిలోంచి జారి, నడుము లోతులో ఆడుకుంటున్న పిల్లాడి భుజానికి తగిలింది. ఫోమ్ బోర్డు కాబట్టి వాపుతో పోయింది. ఫైబర్ బోర్డయితే, దాని అడుగునుండే రెక్కలాంటి ఫిన్ తగిలితే, కుట్లు పడేవి. వాళ్ళ నాన్న నన్ను తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే. ఈ మధ్య సోషల్ మీడియాలో వీడియోలు చూసి వచ్చే కొత్తవాళ్ళు బోర్డును కాలికి కలిపే తాడు, లీష్, కట్టుకోకుండానే జనం మధ్య బోర్డు వదిలేస్తున్నారు. స్నానం చేసేవాళ్ళూ బోర్డులవాళ్ళూ ఒకేచోట ఉండకూడదు. ఇది మాకు మేమై తేల్చుకోగలిగింది కాదు, గీత మీరు గీయాలి.

ప్రపంచంలో చాలాచోట్ల ఈ గీత గుడ్డముక్కలతో గీస్తారు. ఎరుపు పసుపు జెండాలు రెండు పాతితే, వాటి మధ్య స్నానం చెయ్యొచ్చు, అక్కడ కాపలా ఉన్నట్టు. నలుపు తెలుపు గళ్ళ జెండా బోర్డులవాళ్ళకు. ఎర్ర జెండా ఒక్కటే ఉంటే ప్రమాదం, రెండుంటే నీళ్ళు మూసేసినట్టు. సిడ్నీలో మా పిన్ని కొడుకు దగ్గరికి వెళ్ళినప్పుడు బాండీ బీచ్‌లో రెండు వారాలు గమనించాను. అది కూడా మన ఆర్కే బీచ్ లాగే ఊరి మధ్యది, బస్సు దిగితే ఇసుక. 1938 ఫిబ్రవరి 6న ఒకేసారి వరసగా పెద్ద అలలు పడి అక్కడ రెండొందల యాభై మంది దాకా కొట్టుకుపోయారు. అయిదుగురు చనిపోయారు, మిగతావాళ్ళను వాలంటీర్లు లాక్కొచ్చారు. అక్కడా లాగుడుంది, ఇప్పటికీ ఉంది. తేడా ఏమిటంటే ప్రతి ఉదయం ఒక మనిషి ఇసుక మీద నడిచి, నీళ్ళు చూసి, జెండాలు ఎక్కడ పాతాలో ఆ రోజుకు నిర్ణయిస్తాడు. నేనున్న రెండు వారాల్లో అవి ఒకే చోట వరసగా మూడు రోజులు లేవు.

"అది ఆస్ట్రేలియా మేష్టారూ" అంటారు, తెలుసు. అయితే పూరీకి వెళ్ళండి. అక్కడ యాత్రికుల చెయ్యి పట్టుకుని స్నానం చేయించే నోలియాలు, తెల్లని శంకు టోపీల మీద నంబర్లతో తిరిగే వాళ్ళు, ఎవరనుకున్నారు? మన తెలుగు జాలర్లే. తరాల క్రితం ఇటునుంచి వెళ్ళి పెంటకోటలో స్థిరపడినవాళ్ళు, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. ఒడిశా వాళ్ళు మనవాళ్ళ చేతుల్లో తమ యాత్రికుల ప్రాణాలు పెట్టారు. మనం మాత్రం జాలరిపేట పిల్లల్ని పండగ రోజున, ఎవరైనా మునిగాక శవం వెతకడానికి పిలుస్తాం.

ఆ పిల్లలకు ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు. వాళ్ళ తాతలు తెప్ప మీద మోకాళ్ళపై కూర్చుని, వెనక అల లేచేదాకా కాచుకుని, దాని భుజం మీద ఒడ్డుకు దూసుకొచ్చేవాళ్ళు. ఒక పెద్దాయన నాతో అన్నాడు: "బాబూ, ఏడు ఎల్లనిచ్చి ఎనిమిదోది అందుకోవాల. లెక్క తప్పితే తెప్ప తిరగబడతాది." మా బ్యాచ్ వాళ్ళు యూట్యూబ్‌లో నేర్చుకున్నది కూడా దాదాపు ఇదే. ఇప్పుడు తెప్పలు పోయి ఫైబర్ పడవలొచ్చాయి. ఆ లెక్క ఇంకో తరం తర్వాత ఉంటుందో లేదో.

చెన్నై దగ్గర కోవళంలో మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు సర్ఫ్ స్కూలు పెట్టాడు. ఆ ఊరి కుర్రాళ్ళు ఇప్పుడు జాతీయ పోటీల్లో ఉన్నారు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్‌లో మన దేశానికి రమేశ్ బుదిహాళ్ కాంస్యం తెచ్చాడు. పతకాలు మనకూ రావాలని నాకేం తొందర లేదు. అలల మీద బతుకుతెరువు దొరికిన పల్లెలో నీళ్ళ మీద ఎప్పుడూ నాలుగు జతల కళ్ళుంటాయి. నాకు కావలసింది అది.

కాబట్టి అడుగుతున్నది ఇంతే. జోడుగుళ్ళపాలెం నుంచి ఆర్కే బీచ్ దాకా జనం ఎక్కువగా దిగే నాలుగైదు చోట్ల, ప్రతి ఉదయం సూర్యోదయానికి ఒక మనిషి నీళ్ళు చూసి జెండాలు పాతాలి. పగలు పాటు వేళకు మళ్ళీ ఒకసారి చూడాలి, ఎందుకంటే నీరు తీసే వేళే లాగుడు ఎక్కువ. ఆ మనిషి జాలరిపేటల కుర్రాడైతే మంచిది. వాడికి ప్రథమ చికిత్స, సీపీఆర్ శిక్షణ ఇప్పించండి. రోజు కూలీగా కాకుండా నెల జీతం ఇవ్వండి. ఇప్పుడున్న లైఫ్‌గార్డులు విజిల్ ఊది ఊది గొంతు పోగొట్టుకుంటున్నారు. వాళ్ళ చేతికి ఒక్కొక్క రెస్క్యూ బోర్డు ఇస్తే మునిగేవాణ్ణి చేరే సమయం బాగా తగ్గుతుంది. మమ్మల్ని నలుపు తెలుపు జెండా అవతలికి పంపెయ్యండి, సంతోషంగా పోతాం. గోడ మీది పాత బోర్డుల్లో ఒకదాని చోట, గండి పైనుంచి ఎలా ఉంటుందో ఫొటో పెట్టించండి. తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీలో రెండే వాక్యాలు చాలు: అలలు లేని చోట దిగకండి. లాగితే ఎదురీదకుండా తేలండి, పక్కకు జరగండి.

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చినప్పుడు మనందరం పొంగిపోయాం. అక్కడ ఈతకు హద్దు, కాపలా అన్నీ చూపించాలి కాబట్టి చూపించాం. ఆ శ్రద్ధ తనిఖీ లేని ఒడ్డుకు కూడా రావాలి కదా. అన్నట్టు, కాలవల మురుగు గురించి విడిగా ఇంకో ఉత్తరం రాస్తాను. తొలకరి పడ్డ రెండు రోజులు మా బ్యాచ్ ఎవరూ దిగరు. ఎందుకో మీకు తెలుసు.

ఖర్చెంతో నేను లెక్క వెయ్యలేదు. అది మీ పని, మీరే బాగా వేస్తారు. నేను చేయగలిగింది ఒకటుంది. ఏ వారమైనా సరే, ఆదివారం తప్ప, ఉదయం అయిదూ నలభై అయిదుకు కాళీమాత గుడి ఎదురుగా మెట్ల దగ్గర ఉంటాను. పక్కన మావాడూ ఉంటాడు. మీలో ఎవరైనా ఒక్కరు, డ్రైవర్నీ ఫొటోగ్రాఫర్నీ కారులోనే వదిలి, వచ్చి గోడ మీద నిలబడండి. "ఎక్కడ దిగుతారో సెప్పండి" అని వాడు అడుగుతాడు. చూపించండి. బంతిపూల దండ మేమే తెస్తాం.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ నుంచి ఒక ఫిజిక్స్ మేష్టారు